మాయమైన నాలుగు బోల్టులు

చెయ్యి ఆనించిందో లేదో, బాల్కనీ రెయిలింగ్ ఎడమ చివర గోడని వదిలేసి వీధి వైపు ఒరిగిపోయింది.

ఆమెకి కేక కూడా పెగల్లేదు. రెండంతస్తుల కింద వాన నీళ్ళు నిలిచిన రోడ్డు గిర్రున తిరిగింది. జానెడు ఒరిగాక, ఎవరో వెనక్కి గుంజినట్టు రెయిలింగ్ ఆగింది. ఆమె ఒక్క ఉదుటున వెనక్కి పడి గుమ్మాన్ని వాటేసుకుంది.

దడ తగ్గాక చూసింది. చెక్కగోడలో నాలుగు కన్నాలు. నాలుగూ ఖాళీ. పదకొండు రోజుల క్రితం బిగించిన బోల్టులు మాయం!

ఫోన్ తీసింది. నంబరు చూసి నొక్కాల్సిన పని లేదు. కంఠతా వచ్చు.

"టేపు గారూ, ఉన్నపళంగా రండి."

"మేడమ్! మీరేనా? నాకేనా?" అవతలి గొంతు గాల్లో తేలింది.

"మీరు బిగించిన రెయిలింగ్ ఊడొచ్చింది. నేను చచ్చేదాన్నే."

పది నిమిషాల్లో తడిసి ముద్దయిన మనిషి మెట్లెక్కి వచ్చాడు.

కింద ఉన్న హార్డ్‌వేర్ షాపు ఆమె తాతయ్యది. కౌంటర్‌లో ఇప్పుడు కూర్చునేది ఆమె. నడుముకి కొలత టేపు లేకుండా ఎవరికీ కనపడని ఈ రెయిలింగ్ ఫిట్టర్‌కి ఆ పేరు పెట్టింది కూడా ఆమే. ఆ నాలుగు బోల్టులు ఎంచుకోవడానికి అతను షాపుకి పద్నాలుగు సార్లు వచ్చాడు.

మొదటి రోజు స్క్రూలు అడిగాడు. "పాత చెక్కకి స్క్రూలా? మనిషి ఆనుకుంటే పిప్పిపన్నులా ఊడొస్తాయి" అని కసిరింది. తర్వాత పొడవు మీద తగాదా. ఆ తర్వాత తుప్పు మీద. చివరికి గోడ అవతలికంటా దూరే స్టీల్ బోల్టులూ, వెడల్పాటి వాషర్లూ ఆమే ఏరింది. అతను బాల్కనీలో బోల్టు తల పట్టుకుంటే, తాతయ్య గదిలో నిలబడి నట్టు బిగించిందీ ఆమే.

ఆ తర్వాత అతను రాలేదు. రావడానికి వంక మిగల్లేదు మరి.

"నా మొహం చూసి చెప్పండి. సరిగ్గా బిగించారా?"

"మీరూ ఉన్నారుగా!"

"నేను గోడకి లోపలున్నాను. బయట మీరేం చేశారో నాకేం తెలుసు?"

అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. "నేను మిమ్మల్ని చంపబోయానంటారా?"

"రేపు వీధంతా అదే అంటుంది. ఇక మీ చేత ఒక్క కమ్మీ అయినా ఎవరు పెట్టించుకుంటారు?" ఆమె ఖాళీ కన్నాల వైపు వేలు చూపించింది. "నమ్మకస్తుడని మా తాతయ్యకి నేనే చెప్పానండీ."

"ఇంకేం చెప్పారు?"

"ఇప్పుడది అవసరమా?"

"నాకు అవసరమే. స్క్రూలు పనికిరావని నాకు మొదటి రోజే తెలుసు మేడమ్. మీరు కసురుతారని అడిగాను. మిమ్మల్ని చంపేవాణ్ణే అయితే పద్నాలుగు సార్లు ఎందుకొస్తాను?"

అతను ఆ మాట అన్నది తనేనా అన్నట్టు బిత్తరపోయి, గబగబా మోకాళ్ళ మీద కూర్చుని కన్నంలో వేలు పెట్టాడు.

"ఊడలేదు. ఊడితే చెక్క చీలాలి. అంచు చెక్కుచెదరలేదు. ఎవరో విప్పారు."

"నిచ్చెనేసుకుని దొంగొచ్చాడా?"

"వీధిలోంచి వచ్చినవాడికి ఇవి ఊడవు. నట్లు ఉన్నది లోపల. తాతయ్యగారి మంచం తలవైపు."

ఇద్దరి చూపులూ లోపలి గది వైపు తిరిగాయి.

అప్పుడు చూసింది ఆమె, రెయిలింగ్‌ని ఆపినదేమిటో. గుమ్మానికి బిగించిన నైలాన్ తాడు. మూడు చుట్లు, మీద ఒక మెలిక, కొస లోపలికి. యాభై ఏళ్ళుగా షాపులో పైపుల కట్టలకి పడుతున్న ముడి. అది వేసే చేతులు లోకంలో రెండే. బాల్కనీ తలుపు తాళంచెవి పోయిందని మూడు రోజులుగా అంటున్నదీ ఆ చేతుల మనిషే. వానకి బట్టలు తీద్దామని ఈ ఉదయం ఆమే రెండో తాళంచెవి వెతికింది.

"తాతయ్యా!"

మంచం మీద పెద్దాయన జేబులోంచి నాలుగు బోల్టులూ, వాటి నట్లూ తీసి దుప్పటి మీద పెట్టాడు.

"రెండో తాళంచెవి ఉన్న సంగతే మర్చిపోయానే తల్లీ. నీకేమైనా అయ్యుంటే... అది ముమ్మాటికీ నా తప్పే, తర్వాత తీరిగ్గా తిట్టు. నేనే విప్పాను. ఈ పదకొండు రోజుల్లో నువ్వు బందులు అడిగినవాడికి గొళ్ళేలిచ్చావు, మేకులు అడిగినవాడికి గొట్టమిచ్చావు. ఈ అబ్బాయేమో రోజూ ఎదురుగా నిలబడి మన షాపు బోర్డు కొలుస్తున్నాడు. రెయిలింగ్ వదులైందన్న వంకతో ఇతన్ని పిలుద్దామనుకున్నా. నంబరు రాసిన చీటీ కోసం మూడు రోజులు ఇల్లంతా వెతికా. నీ దిండు కింద ఉందని నిన్న రాత్రేగా తెలిసింది! ఆ రోజు గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి మీరు నవ్వుకుంటుంటే, ఈ మంచం మీద పడుకుని విన్నాను. అదిగో, పానా అక్కడే ఉంది. విప్పడానికి ఈ ముసలాడొక్కడు చాలు. బిగించడానికే ఇద్దరు కావాలి."