సియావుష్ అకాకు ఒక ఎత్తు బాకీ

చదరంగంలో ఎదుటివాళ్లు మనల్ని ఒక ఎత్తు వెనక్కి తీసుకోనిచ్చారనుకోండి. అది అప్పా, దానమా?

ఈ సందేహం నన్ను పదకొండో ఏట పట్టుకుంది. ఇప్పుడు నా పిల్లలకే ఆ వయసు వచ్చింది. అది మాత్రం ఇంకా పోలేదు. దానమైతే దేవుడే చూసుకుంటాడు, మనం తిరిగివ్వక్కర్లేదు. అప్పయితే ఇచ్చి తీరాలి. మా పేటలో ఆడవాళ్లకు ఖురాన్ చదివి చెప్పే పెద్దావిడను ఒకసారి అడిగాను. ఆవిడ టీ గిన్నె కింద పెట్టింది.

"తీసుకునేటప్పుడు ఏమని తీసుకున్నావు?" అంది.

"తిరిగి ఇస్తానని."

"మరింకేం?" అని మళ్లీ టీ గిన్నె అందుకుంది.

ఆ ఎత్తు సంగతి ఇది.

ఆ రోజు మధ్యాహ్నం మా డాబా మీద ఎండ చురుక్కుమంటోంది. ఖుబానీ, అంటే ఆప్రికాట్ పళ్ల కాలం. మా ఊరు ఇస్ఫరాలో ఆ నెల రోజులూ ఏ ఇంటి కప్పూ ఖాళీగా ఉండదు. మా బీబీ, అంటే నాన్నమ్మ, పందిరి నీడలో కూర్చుని పళ్లు విప్పుతోంది. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే పండు రెండు చెక్కలవుతుంది. చెక్కలు తట్టలోకి, గింజ బకెట్‌లోకి. పక్కనే నేనూ సియావుష్ అకా చదరంగం ఆడుతున్నాం.

సియావుష్ అకా, అంటే సియావుష్ అన్న, మా పెదనాన్న కొడుకు. నాకంటే మూడేళ్లు పెద్ద. ఆ ఏడాది జిల్లా పోటీలో మొదటివాడు. నేనా? నాకు గుర్రం ఎలా దూకుతుందో చూసుకోవడానికే వేళ్లు లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది.

"నీ మంత్రి పోయింది సబో," అన్నాడు.

నా పూర్తి పేరు సబోహత్. చూస్తే నిజమే. మంత్రిని తీసుకెళ్లి అతని గుర్రానికి దొరికేచోట పెట్టాను.

"అకా, ఈ ఒక్క ఎత్తూ వెనక్కి తీసుకుంటాను."

"కుదరదు. మా క్లబ్బులో చెయ్యి తీశాక ఆడినట్టే."

"ఇది క్లబ్బు కాదు, డాబా."

"ఇవాళ ఒకటి అంటావు, రేపు పది అంటావు."

మా మధ్య గుడ్డ మీద రొట్టె ఉంది. నేను దాని మీద చెయ్యి వేశాను. "ఈ రొట్టె మీద ఒట్టు. నీకు ఒక ఎత్తు బాకీ. నీకు కావాల్సినప్పుడు ఇచ్చేస్తాను."

బీబీ చేతిలో పండు ఆగిపోయింది. "రొట్టెను ఆటలోకి లాగకే. అది కడుపు నింపడానికి, మీ ఒట్లు మోయడానికి కాదు."

కానీ ఒట్టు నోరు దాటేసింది. సియావుష్ అకా నవ్వి నా మంత్రిని నాకిచ్చాడు. అయినా ఏం లాభం? ఇంకో ఆరు ఎత్తులకు నా పని అయిపోయేలా కనిపించింది. నా రాజును వేలితో పడేసి, నిచ్చెన దిగి పారిపోయాను.

"అప్పుడే అయిపోయిందా?" పైనుంచి బీబీ గొంతు వినిపించింది. "నాకు తట్ట సగం కూడా నిండలేదు."

బీబీకి చదరంగం రాదు. ఏ ఆట ఎంతసేపు సాగిందో ఆవిడ తట్టలతోనే కొలిచేది.

ఆ చదరంగం బల్ల తాత చేసింది. బల్లా, బొమ్మలూ అన్నీ ఆయనే చెక్కారు. ఒక నల్ల బంటు ఎప్పుడో పోతే, దాని చోట ఖుబానీ గింజ పెట్టుకునేవాళ్లం. పళ్ల కాలం అయిపోగానే సియావుష్ అకా రాజధాని దుషాన్బేలో ఆటల బడికి వెళ్లిపోతున్నాడు. బల్లను కూడా పట్టుకుపోతానన్నాడు.

"మరి నేను దేని మీద ఆడాలి?" అన్నాను.

"నువ్వు ఆడేదేముంది? రాజును పడేసి పరిగెత్తడానికి బల్ల ఎందుకు?"

నాకు కళ్లు నిండాయి. అది చూసి కొంచెం తగ్గాడు. "సరే. నేను వెళ్లేలోగా ఒక్కసారి ఓడించు. ఒక్కటంటే ఒక్కసారి. బల్ల నీది."

గాడిదను చెట్టెక్కమన్నట్టుంది కదా. అయినా మర్నాటి నుంచి రోజూ ఆడాను. రోజూ కాసేపటికే రాజును పడేసి లేచిపోయాను. బీబీకి ఒక్క రోజూ తట్ట నిండలేదు.

ఒకరోజు ఆవిడ నా జడ పట్టుకుని ఆపింది.

"ఏమే, నిన్ను ఓడించడం ఎవరి పని?"

"అకా పని."

"మరి వాడి పని నువ్వెందుకు చేసిపెడుతున్నావు?"

"ఎలాగూ ఓడిపోతాను కదా బీబీ."

"ఎలాగూ రాలిపోతాయని చెట్టు మీది పళ్లను నేను వదిలేస్తున్నానా? రేపు నాకు ఒక తట్ట నిండేదాకా అక్కడ కూర్చో. గెలవమనడం లేదు. కూర్చో, అంతే."

కూర్చోవడం నాకు వచ్చు. మర్నాడు నా మంత్రి పోయింది, కూర్చున్నాను. ఏనుగులు రెండూ పోయాయి, కూర్చున్నాను. సియావుష్ అకా అటూ ఇటూ కదిలాడు.

"ఏంటి సబో, లేవవేంటి? ఓడిపోయావుగా."

"ఏదీ, ఆటకట్టు చెయ్యి."

"దానికింకా పది ఎత్తులు పడుతుంది."

"పట్టనీ. నాకేం పని లేదు."

చివరికి ఆటకట్టే అయింది. కానీ ఆ సరికి బీబీ తట్ట నిండింది. ఆవిడ ఒక గింజను రాయితో చితక్కొట్టి, లోపలి పప్పు తీసి నా నోట్లో పెట్టింది. "ఇది కూర్చున్నందుకు."

అప్పటినుంచి నా రాజును నేను ముట్టుకోలేదు. కూర్చుంటే కొన్ని కనబడతాయి. సియావుష్ అకా గెలుస్తున్నాననుకున్నప్పుడు మెల్లగా కూనిరాగం తీస్తాడు. కూనిరాగం మొదలైతే చెయ్యి తొందరపడుతుంది. ఇది అంతకుముందు నాకు తెలియదు. తెలియడానికి ఎప్పుడు ఉన్నాను గనక?

ఒకటిన్నర తట్ట దాకా వచ్చాం. మర్నాడు మళ్లీ ఒకటికి పడిపోయాం. ఒకరోజు నా బొమ్మలన్నీ పోయి రాజు ఒక్కడే మూలకు చేరాడు. అతను కూనిరాగం తీస్తూ మంత్రిని టక్కున జరిపాడు. నా రాజుకు చెక్ లేదు. అడుగు పెట్టడానికి గడి కూడా లేదు.

సియావుష్ అకా బల్ల వైపు మళ్లీ చూశాడు. "డ్రా," అన్నాడు.

"డ్రా అంటే ఏంట్రా?" అంది బీబీ.

"ఎవరూ గెలవలేదు బీబీ."

"రెండు తట్టలు నిండాయి. నేను గెలిచాను," అంది బీబీ.

అతను వెళ్లే ముందురోజు రానే వచ్చింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక డాబా ఎక్కాం. నేను బిస్మిల్లా అనుకుని నల్ల బొమ్మలు పేర్చాను. ఇదే ఆఖరి ఆట. ఓడితే రేపు బల్ల బండెక్కుతుంది.

ఒక తట్ట నిండింది. రెండోదీ నిండింది. నాకు మిగిలినవి రాజు, గుర్రం, రెండు బంట్లు. అందులో ఒకటి ఖుబానీ గింజ. అతనికి ఏనుగు ఉంది, మూడు బంట్లు ఉన్నాయి. కింద నుంచి పెద్దమ్మ కేకేసింది. "సియావుష్, సంచి సర్దుకున్నావా? నీ మేజోళ్లు ఎక్కడరా?"

"వస్తున్నానమ్మా, అయిపోవచ్చింది," అన్నాడు. కూనిరాగం మొదలైంది. ఏనుగును చరచరా జరిపి చెయ్యి తీశాడు.

కూనిరాగం ఆగిపోయింది.

నేను వేళ్లు లెక్కపెట్టుకున్నాను. మళ్లీ లెక్కపెట్టుకున్నాను. నా గుర్రం అక్కడికి దూకితే రాజుకు చెక్, ఏనుగుకు గండం.

అతని చెయ్యి కొంచెం పైకి లేచింది. మళ్లీ ఒడిలోకి వెళ్లిపోయింది. నేను అతని మొహం చూడలేదు. గుర్రం తప్ప నాకేమీ కనబడలేదు. దూకించాను. రాజు తప్పుకున్నాడు. ఏనుగును తీసేశాను.

ఆ తర్వాత ఖుబానీ గింజ బయల్దేరింది. ఒక్కో గడి, ఒక్కో గడి. అతను ఒక్క ఎత్తూ సులువుగా ఇవ్వలేదు. బీబీ మూడో తట్ట నింపేసరికి గింజ చివరి వరసలో కాలు పెట్టింది. చివరి వరస చేరిన బంటు మంత్రి అవుతుంది కదా, దాని బదులు పెట్టుకోవడానికి ఆటలో పోయిన నా మంత్రి కోసం గుడ్డ కిందంతా వెతికాను.

"వెతకక్కర్లేదు," అన్నాడు సియావుష్ అకా. "గింజే మంత్రి అనుకుందాం."

ఆ గింజతోనే ఆటకట్టు చేశాను.

అతను లేచి నాకు చెయ్యి ఇచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి కానీ నవ్వుతున్నాడు. "బల్ల నీది సబో."

నేను డాబా ఈ చివరి నుంచి ఆ చివరికి గెంతాను. మధ్యలో ఆరబెట్టిన చెక్కలు కొన్ని నా కాళ్ల కింద పడ్డాయి. బీబీ తిడుతూనే నవ్వింది, నవ్వుతూనే తిట్టింది.

మర్నాడు పొద్దున్న సియావుష్ అకా గుమ్మంలో నిలబడి, బీబీ పట్టుకున్న రొట్టెను ఒక్క ముక్క కొరికాడు. మిగతాది బీబీ గోడ మేకుకు వేలాడదీసింది. "నువ్వు వచ్చి తినేదాకా ఇది ఇక్కడే ఉంటుంది," అంది. బండి కదిలింది.

నేను ఆ రొట్టె వైపు చూశాను. అంచున అతని పళ్ల గుర్తు ఉంది. చూస్తుంటే నా అరచేతికి గుర్తొచ్చింది, దాన్ని రొట్టె మీద వేసిన సంగతి. పైకి లేచి ఒడిలోకి వెళ్లిపోయిన ఆ చెయ్యి గుర్తొచ్చింది.

వీధిలోకి పరిగెత్తాను. బండి మలుపు తిరిగిపోయింది.

"అకా అడగలేదు కదా బీబీ? అడిగితే ఇచ్చేదాన్నే కదా?"

"ఇచ్చేదానివా?" అంది బీబీ.

నాకు తెలియదు. అదే చెప్పాను.

"నాకు పళ్లు విప్పడమే వచ్చు. వాడొచ్చాక వాడితోనే తేల్చుకో," అంది.

వేసవి సెలవుల్లో పోటీలనీ శిబిరాలనీ అతను మూడేళ్లు రాలేదు. వచ్చేసరికి మూతి మీద నూనూగు మీసం, గొంతు మారిపోయింది. మేకు మీది రొట్టె రాయిలా అయింది. బీబీ దాన్ని రోకలితో కొట్టి, పాలటీలో నానబెట్టి, దగ్గర కూర్చుని మొత్తం తినిపించింది.

నేను బల్ల తెచ్చాను. పది రోజులు ఉంటానన్నాడు. ఈ పది రోజుల్లో నా బాకీ తీరిపోవాలి.

కానీ తప్పు చేయనివాడికి ఎత్తు ఎలా తిరిగిస్తాం? అతను ఇప్పుడు నగరంలో పెద్దవాళ్లతో ఆడుతున్నాడు. ఒక్క ఎత్తూ తడబడడు.

"అకా, ఇది వెనక్కి తీసుకుంటావా?"

"ఏం, బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి?"

"ఊరికే."

ఇంకో నాలుగు ఎత్తుల తర్వాత మళ్లీ అడిగాను.

"నీకు ఎండదెబ్బ తగిలింది సబో. టోపీ పెట్టుకో," అన్నాడు.

తొమ్మిది రోజులు ఆడాను. తొమ్మిది రోజులూ ఓడాను. అతను తప్పు చేసేదాకా నేను నిలబడాలి. నిలబడాలంటే బాగా ఆడాలి. రాత్రి దువాలో కూడా అడిగాను: యా అల్లా, అకా ఒక్క తప్పు చేసేలా చూడు. ఇలాంటిది అడగొచ్చో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

పదో రోజు మూడు తట్టలు నిండాయి. బీబీ చూపు మందగించింది, అయినా వేళ్లు మాత్రం ఆగవు. నాలుగో తట్ట మొదలైంది. ఇద్దరికీ మంత్రులు ఉన్నాయి, నాకు ఒక గుర్రం మిగిలింది. కింద బండి హారన్ మోగింది. సియావుష్ అకా మెల్లగా కూనిరాగం అందుకున్నాడు.

మంత్రిని జరిపి చెయ్యి తీశాడు. కూనిరాగం ఆగిపోయింది.

ఇప్పుడు నాకు వేళ్లతో పని లేదు. నా గుర్రం ఒక్క దూకు దూకితే రాజుకు చెక్, మంత్రి నాది. నగరంలో పెద్దవాళ్లతో ఆడేవాణ్ని నేను రెండోసారి ఓడించేదాన్ని. అది పేటంతా చెప్పుకునేవాళ్లు.

అతని చెయ్యి కొంచెం పైకి లేచింది. ఒడిలోకి వెళ్లిపోయింది.

ఈసారి నేను అతని మొహం చూశాను. నా రెండు చేతులూ మోకాళ్ల కింద పెట్టుకున్నాను.

"అకా, ఆ ఎత్తు వెనక్కి తీసుకో."

"నేను అడగలేదే."

"అప్పుడూ అడగలేదు. నేను రొట్టె మీద ఒట్టు వేశాను. నీకు గుర్తు లేదా?"

అతను గుడ్డ మీది రొట్టెను చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ రోజే గుర్తొచ్చింది సబో. అడుగుదామనే చెయ్యి లేపాను. కానీ నువ్వు నా ఎదురుగా అంతసేపు కూర్చున్నావు. ఎలా అడగను?"

"అందుకే ఇప్పుడు తీసుకో."

"తీసుకుంటే నువ్వు ఓడిపోవచ్చు."

"ఓడించు చూద్దాం."

సియావుష్ అకా పెద్దగా నవ్వాడు. మంత్రిని రెండు వేళ్లతో ఎత్తి, పాత గడిలో పెట్టాడు.

బొమ్మ చప్పుడు విని బీబీ తలెత్తింది. "ఏమే, అయిపోయిందా ఆట?"

"లేదు బీబీ," అన్నాను. "ఇంకో తట్ట దగ్గర పెట్టుకో."