కంచె మీద చిక్కుడు తీగ

రత్నావతి నన్ను మొదటిసారి చూసినప్పుడు నా చేతిలో తుపాకీ ఉంది, ఆమె చేతిలో కొడవలి ఉంది. భయపడింది మాత్రం నేనే.

తెల్లదొరలు ఈ దేశాన్ని ఏలుతూ, అడవిలోని కమ్యూనిస్టుల మీద ఎమర్జెన్సీ పెట్టిన రోజులవి. అడవిలో దాక్కున్నవాళ్ళకు తిండి అందకూడదని బాగన్ దాతుక్ దగ్గర ఆ కొబ్బరి ఎస్టేటులో కూలీల లైను ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. మా ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో చేపల పడవలు కడుక్కుంటున్న నన్ను స్పెషల్ కానిస్టేబుల్‌ని చేసి దానికి కాపలా పెట్టారు. కంచె మీద ఆకు కూడా ఉండకూడదు, అవతల మనిషి కనబడాలి, అదీ పైవాళ్ళ ఆర్డరు. సరిగ్గా ఆ కంచె మీదే రత్నావతి చిక్కుడు తీగ పాకించింది. అది ఊదారంగు పూలతో విరగబూసి ఉంది.

"ఇది తీసేయాల," అన్నాను, గొంతులో ఉన్న అధికారమంతా తెచ్చుకుని.

"పూత మీదున్న తీగనా? మీకు అమ్మా అక్కా నేరా, కానిస్టేబులు బాబూ?"

మా అమ్మ గుర్తొచ్చి తుపాకీ దించాను. ఇంతలో ఆమె నాయనమ్మ దేవుడమ్మ బయటికొచ్చి నన్ను గుమ్మంలో కూర్చోబెట్టింది. ఆ విత్తనం సికాకుళం నుంచి ఓడలో, చీర కొంగున ముడేసుకుని వచ్చిందట. రత్నావతి తల్లి ఏటేటా దాన్ని వేసేదట. ఆమె పోయాక పిల్ల వేస్తోంది.

"దాని తల్లి పోటో ఒక్కటీ నేదు బాబూ. ఈ తీగే ఉంది," అంది ముసలమ్మ.

ఇక కొట్టెయ్యమని ఏ నోటితో అనను? "పీకమన్లేదు మామ్మా, జరపమన్నాను," అని అప్పటికప్పుడు మాట మార్చాను.

డ్యూటీ దిగాక వెదురు తెచ్చి, మొదలు దగ్గర్నించి వాళ్ళ చూరుదాకా పందిరి కట్టాను. ముళ్ళలోంచి తీగల్ని ఒక్కొక్కటే విప్పాను. చేతులు చీరుకుపోయినా ఒక్క పువ్వు రాలనివ్వలేదు. కొబ్బరి తాళ్ళకు అందంగా చుట్టి, నన్ను నేనే మెచ్చుకుంటూ వెళ్ళి పడుకున్నాను.

తెల్లారి చూస్తే తీగలన్నీ విడిపోయి నేల మీదికి వేలాడుతున్నాయి. రత్నావతి గడప మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఎటు తిరుగుతాదో సూడకుండా ఎనక్కి సుట్టినారు. తీగకి మీ ఆర్డర్లు తెలవవు లా," అంది, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి.

నేను చుట్టినవన్నీ విప్పి, అది పెరిగే వైపుకే తిప్పి చుట్టి చూపించింది. దగ్గర నిలబడి శ్రద్ధగా చూశాను. నేను చూసింది తీగనే అని ఒట్టేసి చెప్పలేను.

ఆ పందిరి కింద మొదలైంది మా కబుర్ల వ్యాపారం. ఆకుల కింద నల్లగా పేనుబంక పడితే పొద్దున్నే మంచు ఆరకముందు బూడిద చల్లాలని ఆమె చెప్పింది. అడవి ఆర్కిడ్ మొక్కకి మన్ను అక్కర్లేదు, కొబ్బరి డొక్కకి కట్టి చూరుకి వేలాడదీస్తే చాలని నేను చెప్పాను. సున్నంలో గంజి కలిపితే గోడ తగిలినా బట్టలకి అంటదని ఆమె అంటే, మొక్క వేసే కిరసనాయిలు డబ్బాకి చిల్లులు అడుగునే కాదు పక్కల కూడా పెట్టాలని నేను. ప్రేమ గురించి ఒక్క మాటా అనుకోలేదు. మిరపమొక్కకి చేపలు కడిగిన నీళ్ళు పొయ్యడం గురించి మాత్రం గంటలు గంటలు మాట్లాడుకున్నాం. లైను లైనంతా నవ్వుకునేది.

ఒకనాడు నా కాపలా గుడిసె దగ్గరున్న ఆర్కిడ్ తెచ్చి ఆమెకిచ్చాను. ఆమె లోపలికెళ్ళి ఒక సిగరెట్టు డబ్బా నిండా చిక్కుడు గింజలు తెచ్చింది.

"మా లైన్లో మొక్క ఊరికే తీసుకోరు," అంది.

వాటిని బస్సులో మా అమ్మకి పంపాను. ఆ తర్వాత నన్ను బంటింగ్ వైపు మార్చారు. తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది.

వచ్చేసరికి మెర్దెకా, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చే రోజు, దగ్గరపడింది. ఆ చుట్టుపక్కల కర్ఫ్యూ ఎత్తేశారు, కంచె పీకడం మొదలైంది. లైను ఇళ్ళకి కొత్త సున్నాలు, కొబ్బరాకు తోరణాలు, కాగితం జెండాలు. ఒక్క రత్నావతి ఇల్లే బోసిగా ఉంది. పందిరి లేదు.

"నువ్వెల్లిన వారంలోనే కంచె పక్కన కాళీ సెయ్యాలని కంట్రాక్టు మనుసులు వచ్చి అంతా కొట్టేసినారు," అంది రత్నావతి. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది, కానీ నేను కోరుకున్న పద్ధతిలో కాదు. "నీకు తెలిసే ఎల్లిపోనావని అనుకున్నాను."

"నాకు తెలవదు. మీ అమ్మ తీగ మీద ఒట్టు," అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, నమ్మిందో ఏమో, తల దించుకుంది.

"మరి ఇత్తనాలు?" అని అడిగాను.

"సెట్టు మీదున్నయి పచ్చికాయలు, ఇత్తనానికి పనికిరానివి. దాసినవన్నీ నీకే ఇచ్చినాను."

మా ఇల్లు ఉప్పునీటి ఒడ్డున ఉంది. అక్కడ ఆ గింజలు మొలిచాయో కుళ్ళాయో తెలియకుండా ఆశ ఎలా పెట్టను? అందిన బస్సెక్కి ఇంటికి పోయాను. దారంతా గింజలు తెచ్చిన ఆ ముసలి ఓడకీ దేవుడికీ దణ్ణాలు పెట్టుకుంటూనే ఉన్నాను.

మా వంటింటి కప్పు కనబడలేదు. దాని నిండా ఊదారంగు పూలున్నాయి. అమ్మ పాత పడవలో మంచి మన్ను నింపి వాటిని బతికించింది. అమ్మ కాళ్ళకి మొక్కాను. ఎందుకురా అని అడిగింది. చెప్పాను. అంతా విని, మంచి చీర కట్టుకుని బయల్దేరింది.

మెర్దెకా రోజున మేం వెళ్ళేసరికి పిల్లలు జెండాలు పట్టుకుని పరిగెత్తుతున్నారు. అమ్మ ఆ సిగరెట్టు డబ్బానే నిండా ఎండు గింజలతో రత్నావతి చేతిలో పెట్టింది. ఆమె మూత తీసి, ఒక గింజ అరచేతిలో వేసుకుని చూసింది. అక్కడే కూలబడి బావురుమంది. దేవుడమ్మ మా అమ్మ చేతులు పట్టుకుని వదల్లేదు.

"మీ లైన్లో మొక్క ఊరికే తీసుకోరంట గదా. మరి మాకేటిత్తారు?" అంది అమ్మ.

"అడగాలా? పిల్లని ఇత్తాం," అంది ముసలమ్మ.

అందరూ రత్నావతి వైపు చూశారు. ఆమె కళ్ళు తుడుచుకుని నన్నొకసారి పైనించి కిందికి చూసింది.

"పందిరి కట్టమనండి. ఈసారి ఎటు తిరుగుతాదో సూసి సుట్టమనండి," అంది. ఇంకేం కావాలి నాకు?

పీకేసిన కంచె కర్రలు అడిగి తెచ్చాను. మా పెళ్ళి పందిరి వాటితోనే వేశాం. పెళ్ళయ్యాక వాటినే విప్పి చిక్కుడుకి పాతాను. తీగని రత్నావతే చుట్టింది, నేను తాడు పట్టుకుని నిలబడ్డాను.