మంచు దులిపిన మడి

"ఈ గడ్డి కూర్చోడానికి బాగుంటుంది ఫిన్నీ. బంతి దొర్లడానికి మాత్రం పనికిరాదు."

సెలవులకి తప్ప మూడేళ్లుగా ఊళ్లో కనపడని వినీల, నర్సరీలో అడుగుపెట్టి అన్న మొదటిమాట అది.

ఫిన్నీకి ఒళ్లు మండింది. కడియం చుట్టుపక్కల లాన్ గడ్డి పెంచేవాళ్లు ఎంతమంది ఉన్నా, ముసలయ్యగారి గడ్డి కావాలని అడిగి మరీ లారీలు పంపించేవాళ్లున్నారు. ఆ ముసలయ్యకి ఒక్కగానొక్క కొడుకు ఫిన్నీ.

"మీ బెంగుళూరు బంతులకి ఎలాంటి గడ్డి కావాలో?"

"నాలుగు మిల్లీమీటర్లకి మించకూడదు."

"దాన్ని గడ్డి అనరు, గుండు అంటారు."

వినీల పకపకా నవ్వింది. ఫిన్నీ మొహం తిప్పుకుని, పక్కనున్న మందారం కుండీని అవసరం లేకపోయినా జరిపాడు. ఆ నవ్వు వినపడితే ఏదో ఒకటి జరపడం అతనికి పదో తరగతి నుంచీ అలవాటు.

వినీల రెబెక్కా టీచర్ కూతురు. బెంగుళూరులో గోల్ఫ్ మేనేజ్‌మెంట్, కోచింగ్ డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి బయట చెప్పులు వేసుకుంటూ, "కర్రతో బంతిని గుంటలో వెయ్యడానికి నాలుగేళ్ల చదువేంటి టీచరమ్మా?" అని అడగనివాళ్లు లేరు. "పిల్లలచేత అఆలు దిద్దించడానికి నేను రెండేళ్లు ట్రైనింగ్ అవలేదా?" అని రెబెక్కా టీచర్ అందరికీ ఒకటే జవాబు చెప్పేది.

ఇప్పుడు వినీలకి ప్రాజెక్టు ఉంది. గోల్ఫ్ కర్ర జన్మలో పట్టుకోని ఒక మనిషికి ఎనిమిది వారాలు నేర్పించాలి. ఆఖరున యూనివర్సిటీ నుంచి మేడం వచ్చి చూస్తారు. అయిదు అడుగుల దూరం నుంచి పది బంతులు కొడితే ఆరు గుంటలో పడాలి. పడకపోతే ఏడాది మళ్లీ చదవాలి. గోదావరి డెల్టాలో వరిచేలకీ కొబ్బరితోటలకీ లోటు లేదు గానీ, గోల్ఫ్ మైదానం ఎక్కడుంది? అందుకే ఫిన్నీ దగ్గరకి వచ్చింది.

కాలవ వైపున్న మడి అడిగింది. ముసలయ్య మాటలు పొదుపుగా వాడే మనిషి. "ఎనిమిది వారాలు వాడుకో అమ్మా. తర్వాత కోసి లారీకెత్తెయ్యాలి. విశాఖపట్నం వాళ్లకి మాటిచ్చాను" అన్నాడు. అంతే.

ఫిన్నీ బెర్ముడా గడ్డిని రోజూ కాస్త కాస్త కోసి, రోలర్ తొక్కించి, వారంలో మడిని బల్లలా చేశాడు. నడిమధ్య పీవీసీ పైపు ముక్క పాతి, గుంట చేశాడు. వినీల ఒంగి అరచెయ్యి గడ్డిమీద ఆనించి చూసింది. ఈసారి వంక పెట్టకపోవడమే బాగుందనిపించింది అతనికి.

తర్వాత సంచిలోంచి కర్ర తీసి అతని చేతికిచ్చింది.

"ఎప్పుడైనా పట్టుకున్నావా ఇలాంటిది?"

రెండేళ్లుగా ఫిన్నీ ఎదురుచూస్తున్న ప్రశ్న అది. బంతి కింద పెట్టాడు, కళ్లు చికిలించాడు, కొట్టాడు. బంతి బుద్ధిగా వెళ్లి గుంటలో టక్కుమని పడింది.

మెచ్చుకుంటుందని తలెత్తాడు. వినీల మొహం వాడిపోయింది.

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేరు. సరుగుడు కర్రకి వెల్డింగ్ షాపులో ఇనపముక్క వేయించుకున్నాను. రెండేళ్ల నుంచి కాలవగట్టు మీద నాకు నేనే..."

"రెండేళ్లా!" వినీల కర్ర లాక్కుంది. "అయితే నువ్వు పనికిరావు."

అప్పుడే గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది. హార్టికల్చర్ ఆఫీసర్ సుకుమార్ తనిఖీకి వచ్చాడు. నల్లకళ్లద్దాలు, మడత నలగని తెల్లచొక్కా. సంగతి విని, "నేనైతే బిళ్లంగోడు కూడా ఆడలేదండీ. పనికొస్తానా?" అన్నాడు.

పనికొచ్చాడు.

ఆ రోజునుంచి ఫిన్నీకి నరకం మొదలైంది. రాని మనిషికేమో చెయ్యి పట్టుకుని నేర్పడం, వచ్చిన మనిషికేమో గడ్డి కోసే మెషినూ. లోకంలో న్యాయం ఇలాగే ఏడిసింది అనుకున్నాడు.

"సార్, మోచెయ్యి వంచుతున్నారు."

"ఇలాగా అండీ?"

"అలా కాదు సార్, ఉండండి." వినీల వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుని సరిచేసేది.

శిష్యుణ్ణి గురువు సార్ అంటుంది, గురువుని శిష్యుడు అండీ అంటాడు. ఇద్దరి మర్యాదా చూస్తుంటే ఫిన్నీకి కడుపులో ఆవకాయ జాడీ బోర్లా పడ్డట్టుండేది. నర్సరీ కాగితాల మీద సంతకం పెట్టేది ఆయనే కాబట్టి పైకి అనడానికి లేదు. రోజూ కొబ్బరిబోండాం కొట్టివ్వాలి. గెలలో ఊపి చూసి, నీళ్లు తక్కువున్న బోండాం ఏరేవాడు. సుకుమార్ అదీ తాగేసి, "అమృతమండీ" అనేవాడు. అది ఇంకా మంట.

ఒకరోజు గడ్డి పలకలు కోసే సూర్యకళ దూరం నుంచి కేకేసింది. "ఫిన్నీ బాబూ! గంట నుంచి మెషిన్ అక్కడే తిప్పుతున్నావు. ఆయ్, అక్కడ గడ్డి అయిపోయింది, మట్టి కోస్తున్నావు!"

మడి అవతల వినీల, సుకుమార్ ఇద్దరూ తలతిప్పి చూశారు. ఫిన్నీ చెవులు ఎర్రబడ్డాయి.

మూడో వారం వినీల సంచి తెచ్చి అతని భుజానికి తగిలించింది. "పరీక్షలో ఆటగాడి సంచి మొయ్యడానికి ఒకరుండాలి. ఆ రోజు కోచ్ నోరు విప్పకూడదు. సంచి మోసేవాడొక్కడే సలహా చెప్పొచ్చు. అది రూలు."

"నేనా? ఆయనకా? ఏం సలహా చెప్పమంటావు? ఎండలో నిలబడొద్దండీ, నల్లబడతారు అని చెప్పనా?"

"నీకు కుళ్లు ఫిన్నీ."

"నాకా? ఎందుకు?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఎందుకు?"

ఫిన్నీ సంచి మోసుకుంటూ వెళ్లిపోయాడు.

పరీక్షకి ముందురోజు సాయంత్రం. అరటిమొక్కల వెనక ఎరువు చల్లుతున్న ఫిన్నీకి సుకుమార్ గొంతు వినపడింది. "రేపు ఇది అయిపోతే, ఎల్లుండి మీ ఇంటికొస్తానండీ. టీచర్ గారితో ఒక మాట మాట్లాడాలి."

"అమ్మతోనా? ఏంటి సార్ ఆ మాట?"

"అది ఆవిడకే చెప్తాను." నవ్వాడు. వినీల కూడా నవ్వినట్టుంది. ఫిన్నీకి ఆ తర్వాత ఏదీ సరిగ్గా వినపడలేదు.

వాళ్లు వెళ్లిపోయాక తిన్నగా నీళ్ల మోటారు దగ్గరకి నడిచాడు. పైపు ఈడ్చుకొచ్చి మడి మీద వదిలాడు. బల్లలాంటి మడి మెత్తబడి, ఉబ్బి, అడుగేస్తే చిత్తడిగా కాలికంటుకునేదాకా వదిలాడు. రేపు బంతి సగంలో ఆగిపోవాలి. ఆ తెల్లచొక్కా తల దించుకోవాలి.

మోటారు ఆపి తిరిగేసరికి ముసలయ్య నిలబడి ఉన్నాడు. మడివైపు చూశాడు, కొడుకువైపు చూశాడు.

"గడ్డికి నీ కోపం సంగతి తెలీదురా. నీళ్లు పెడితే తాగుద్ది. అంతే." కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

అన్నం ముందు కూర్చున్న ఫిన్నీ కంచం పక్కకి జరిపాడు. సుకుమార్ ఓడిపోతే సుకుమార్‌కి పోయేదేముంది? మోటారు సైకిలెక్కి ఆఫీసుకి పోతాడు. పోయేది వినీల ఏడాది. గుడి బయట అడిగేవాళ్లకి రెబెక్కా టీచర్ ఇంకో ఏడాది జవాబు చెప్పుకోవాలి. ఇంత చిన్న సంగతి మోటారు వేసేముందు ఎందుకు తట్టలేదో అతనికి అర్థం కాలేదు.

తెల్లవారుజామున కోడి కూసేసరికి మడిలో ఉన్నాడు. నీళ్లు చాలవన్నట్టు మంచు కూడా కురిసింది. గడ్డి తెల్లగా మెరుస్తోంది. పొడవాటి వెదురుగడ తీసుకుని అటూ ఇటూ ఊపుతూ మంచు దులిపాడు. గోనెసంచులు పరిచి మోకాళ్లతో అదిమి, తడి పీల్చాక పిండాడు. మళ్లీ పరిచాడు. చేతులు కొంకర్లు పోతున్నాయి.

"ఏం చేస్తున్నావు?"

శాలువా కప్పుకుని వినీల. నిద్రపట్టక మడి చూసుకోడానికి వచ్చింది.

"నిన్న సాయంత్రం నేనే తడిపాను" అన్నాడు తలెత్తకుండా.

"ఎందుకు?"

"ఆయన ఓడిపోవాలని."

"ఓడిపోయేది నేను కదా."

"అన్నం ముందు కూర్చున్నాక తెలిసింది."

వినీల శాలువా తీసి గేటుమీద పడేసి, షెడ్డులోంచి లావుపాటి తాడు తెచ్చింది. ఒక కొస అతనిమీదకి విసిరింది. "లాగు. తిట్టడానికి తర్వాత బోలెడు టైముంది."

చెరో కొసా పట్టుకుని మడి ఈ చివరినుంచి ఆ చివరికి తాడు ఈడ్చారు. తాడు ముందు మంచు బొట్లు చిన్న వానలా ఎగిరాయి. అలా పదిసార్లు. పదకొండోసారి అయ్యాక తాడు చుట్టుకుంటూ ఇద్దరూ ఎదురెదురుగా వస్తూ, ఒకరి తడిసిన మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. వెంటనే వినీల మొహం గట్టిగా పెట్టుకుంది. "నవ్వొద్దు. నాకింకా కోపంగానే ఉంది."

గేటు దగ్గర, ఎప్పుడొచ్చాడో, సుకుమార్ హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

తొమ్మిదింటికి మేడం వచ్చారు. కళ్లజోడు ముక్కుమీదకి జార్చి మడి చూశారు, కాగితాలు చూశారు, కుర్చీలో కూర్చున్నారు. వినీల మడి బయట చేతులు కట్టుకుని నిలబడింది. సూర్యకళా, కూలీలూ కొడవళ్లు కింద పెట్టి వరసగా నిలబడ్డారు.

మొదటి మూడు బంతులూ పడ్డాయి. నాలుగోది అంచు తాకి తప్పిపోయింది. అయిదు, ఆరు పడ్డాయి. ఏడోదినుంచి గుంటకి అవతలిపక్క నిలబడి కొట్టాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిది పడలేదు. మూడూ గుంటకి ఎడమవైపు తిరిగి, అంగుళం ముందు నీరసంగా ఆగిపోయాయి.

ఒక్క బంతి మిగిలింది. సుకుమార్ తెల్లచొక్కా వీపుకి అంటుకుపోయింది. వినీల పెదవి కొరుక్కుంటూ ఫిన్నీని చూసింది. కోచ్ నోరు విప్పకూడదు.

ఆ మూడు బంతులూ ఎందుకు ఆగాయో అక్కడ ఒక్క ఫిన్నీకే తెలుసు. ఎడమవైపు పైపు పెట్టింది అతనే. అక్కడ తడి ఇంకా పోలేదు. నోరు మూసుకుంటే చాలు. చెప్తే ఈ మనిషి గెలిచి, రేపు టీచర్ గారి ఇంటికి వెళ్తాడు.

సంచి కింద పెట్టి సుకుమార్ పక్కకి వెళ్లాడు.

"అండీ, ఎడమపక్క నేల మెత్తగా ఉంది. రెండు వేళ్లు కుడికి చూసుకోండి. మామూలు కన్నా కాస్త గట్టిగా కొట్టండి. భయపడకండి, గడ్డి పట్టుకుంటుంది."

సుకుమార్ అతని కళ్లలోకి ఒక్క క్షణం చూశాడు. తల ఊపాడు. కొట్టాడు.

టక్.

సూర్యకళ వేసిన కేకకి కాలవ అవతల కొంగలు లేచాయి.

మేడం సంతకం పెట్టడానికి కాగితం తీసి బల్లమీద పెట్టారు. సంచి అందిస్తూ ఫిన్నీ చూశాడు. శిష్యుడి పేరు అన్నచోట సుకుమార్ అని ఉంది. దానికి పైన ఇంకో పేరు, సిరాతో గట్టిగా అడ్డగీత కొట్టేసి ఉంది. గీత కిందనుంచి కూడా చదవగలిగాడు. ఫిన్నీ, లాన్ నర్సరీ, కడియం. పక్కన తారీఖు, వినీల బెంగుళూరులో రైలెక్కక ముందుది.

"ఇదేంటి?"

"కనపడట్లేదా?" వినీల గొంతు తగ్గించింది. "ఎనిమిది వారాలు నీకు చెయ్యి పట్టుకుని నేర్పుదామని అక్కడే రాసుకుని వచ్చాను. నువ్వేమో ముందే నేర్చేసుకుని కూర్చున్నావు! ఎవడు నేర్చుకోమన్నాడు నిన్ను?"

"నువ్వొస్తే మెచ్చుకుంటావని..."

"తెలివితక్కువ మనిషీ."

సుకుమార్ దగ్గేదాకా ఇద్దరూ ఆయన్ని చూడలేదు. "నేలవాలు ఎటుందో చూశాకే కొట్టాలని నేర్పారు కదండీ వినీల గారూ. పొద్దున్న గేటు దగ్గర నిలబడి చూశాను. రేపు టీచర్ గారి ఇంటికి రానక్కర్లేదులెండి." నవ్వాడు. నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది గానీ మంచి నవ్వే.

ఫిన్నీ గెలంతా వెతికి, అన్నిటికన్నా బరువైన బోండాం కొట్టి రెండు చేతులా ఇచ్చాడు. సుకుమార్ ఒక గుక్క తాగి ఆగాడు. "ఇదేంటండీ, ఇన్నాళ్లూ ఇన్ని నీళ్లుండేవి కావే?"

ఆయన వెళ్లాక వినీల కర్ర తీసి ఫిన్నీ చేతిలో పెట్టింది. "ఆ రోజు నీ బంతి పడింది గానీ, నీ పట్టు తప్పు. రెండేళ్లుగా తప్పే పట్టుకున్నావు."

"సరిచెయ్యాలంటే?"

"తప్పు నేర్చుకున్నవాళ్లకి ఎక్కువ టైము పడుతుంది."

"ఎనిమిది వారాలు చాలవా?"

"చాలవు." అతని బొటనవేలు పట్టుకుని కర్రమీద సరైన చోట పెట్టింది. పెట్టాక తియ్యలేదు.

అప్పుడే విశాఖపట్నం లారీ గేటులోకి వచ్చింది. సూర్యకళ కొడవలి తీసుకుని మడివైపు నడిచింది. షెడ్డు దగ్గరనుంచి అంతా చూస్తున్న ముసలయ్య చుట్ట నోట్లోంచి తీశాడు.

"సూర్యకళా! ఆ మడి వద్దు. పక్కది కొయ్యండి."

"మాటిచ్చారు కదండీ?"

"గడ్డి ఇస్తానన్నాను. ఆ గడ్డేనని అన్లేదు." చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. "సాయంత్రం రెబెక్కా టీచర్ ఇంట్లోనే ఉంటుందేమో కనుక్కోండి ఎవరన్నా."