కొండెక్కిన మంట

పిడుగు పడి అడవి అంటుకున్న మూడో రోజు, పొద్దున పదింటికి, తెర మీద అంకె మారింది. "అదుపు: అరవై రెండు శాతం." టెంట్లోని అధికారులు ఒకరి భుజం ఒకరు తట్టుకుని, ఇడ్లీలు ఇంకా రాలేదేమని డ్రైవర్‌ను కసిరారు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ తిరుపాలు మాత్రం తనకు ఇడ్లీ వద్దన్నాడు. మంటలార్పే గులాబీరంగు జెల్ అతని చొక్కా నిండా చీమిడిలా అంటుకుని, ఎండేకొద్దీ కుళ్లిన చేపల కంపు కొడుతోంది. రెండు రోజులుగా ఆ కంపులోనే తిండి, ఆ కంపులోనే కునుకు. ఛీ, ఇదేం ఉద్యోగం అనుకున్నాడు, బహుశా యాభయ్యోసారి.

నల్లమలలో ఎండాకాలం మంటలు కొత్తేమీ కాదు. కొత్తదల్లా ఆ టెంట్లో కూర్చున్న యంత్రమే. పేరు వహ్నిపాల. అది చేసే పని చెబితే చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. నలభై డ్రోన్లు మంట చుట్టూ జెల్‌తో గీత గీస్తూ పోతాయి. గీత దాటి మంట రాలేదు. మొత్తం చుట్టుకొలతలో గీత ఎంత మేర పడిందో అదే అదుపు శాతం. ప్రమాదమున్న దారుల గేట్లు తనే మూస్తుంది, తనే తెరుస్తుంది. దట్టమైన పొగలో దాని కెమెరాలకేమీ కనపడదు కాబట్టి, అక్కడున్న ఫైర్ వాచర్ ఫోన్లో తెలుగులో ఏం చెబితే అదే నమ్ముతుంది. ఒకసారి డ్రోన్లను ఒక వైపు తోలిందంటే, నలభై నిమిషాల దాకా ఎవరు మొత్తుకున్నా వెనక్కి పిలవదు. పోయినేడు ఎవరో పెద్దమనిషి తన గెస్ట్‌హౌస్ తడిపించుకోవడానికి డ్రోన్లన్నీ లాక్కుపోయాడట, అందుకని ఆ తాళం పెట్టారు.

దాన్ని తయారుచేసిన డాక్టర్ విభావరి హైదరాబాద్ నుంచి వచ్చింది. మంచి మనిషే. అడిగినవాళ్లకల్లా విసుక్కోకుండా చెబుతుంది.

"మిగిలిన ముప్పై ఎనిమిది శాతంలో సగం పడమట రాళ్లగుట్ట కింద ఉంది, తిరుపాలు గారూ. సగం తూర్పున."

"తూర్పున రేగులపెంట గూడెం ఉంది మేడం. ఇరవై రెండు చెంచు గుడిసెలు. గాలి అటే తోలుతోంది."

"తెలుసు. పడమట మంట చచ్చిందని మీ వాచర్ చెప్పిన మరుక్షణం డ్రోన్లన్నీ తూర్పుకే. గంటలో పెంట చుట్టూ గీత పడుతుంది."

ఆ వాచర్ ఈదమ్మ. యాభై దాటిన చెంచు మనిషి, ఆమెదీ రేగులపెంటే. తన ఇల్లు తూర్పున పెట్టుకుని, పడమటి పొగలో తెల్లవారుజాము నుంచి కాపలా కాస్తోంది. డ్యూటీ అక్కడ వేశారు మరి, ఏం చేస్తుంది!

పదిన్నరకు, యంత్రానికి తగిలించిన ఫోన్ మోగింది. "సారూ, ఈదమ్మను. పడమటి మంట కొండెక్కింది. నా కళ్లతో చూసినా. ఇంక ఆ డ్రోన్లను మా పెంటకు తోలండి."

తిరుపాలుకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య అని ఊపిరి వదిలేలోపే సైరన్ మోగింది. తెరంతా ఎర్రబడింది. "మంట రాళ్లగుట్ట ఎక్కింది. తీవ్ర ప్రమాదం. అదుపు: నలభై ఒక్క శాతం. నలభై డ్రోన్లు పడమటికి. అన్ని గేట్లూ మూసివేత."

"ఏందిది? ఆయమ్మ మంట పోయిందని చెప్పింది కదా!" తిరుపాలు అరిచాడు.

"కొండెక్కిందనే కదండీ అంది?"

"కొండెక్కిందంటే పోయిందని మేడం! ఇంట్లో దీపం పోతే ఇంకో మాట అంటారా ఎవరైనా? అశుభం కాదూ! ఆ మాట నోట రానివ్వకూడదనే కదా కొండెక్కింది అనేది!"

విభావరి ముఖం పాలిపోయింది. "అయ్యో, మా అమ్మమ్మ కూడా అలాగే అంటుంది. నాకు తట్టనే లేదు. దీనికి పదేళ్ల న్యూస్‌పేపర్లతో తెలుగు నేర్పాం. పేపర్లలో ధరలే కొండెక్కుతాయి."

"ఆపండి మరి!"

"నలభై నిమిషాలు..." అంటూ ఆమె తెర మీది తాళం గుర్తు చూపించింది. వెనకనున్న అధికారి ఒకాయన, ఇడ్లీ నములుతూనే, ఈ నలభై ఒకటి అంకె టీవీవాళ్లకు పోకుండా చూడండి అన్నాడు. తిరుపాలు జీపెక్కి తూర్పుకు తోలాడు.

తూర్పు గేటు దగ్గర ఫైరింజన్ అప్పటికే ఆగిపోయి ఉంది. ఇనుప గేటు కదల్లేదు. "మీ క్షేమం కోసమే ఈ మూసివేత" అని దాని మీది స్పీకర్ తీయగా చెబుతూనే ఉంది. తిరుపాలు దాన్ని ఒక బండబూతు తిట్టి, జీపు అక్కడే వదిలి ఎండిన వాగులో దిగి పరుగెత్తాడు. అప్పటికే ఈదమ్మ, డ్రోన్లన్నీ పడమటికే రావడం చూసి, అడ్డదారిన పెంటకు చేరి, ముసలివాళ్లనూ పిల్లలనూ వాగు ఇసుకలోకి తోలుకొస్తోంది. అందరూ బతికారు. గుడిసెలు ఒక్కటీ మిగల్లేదు. అవతల రాళ్లగుట్ట పచ్చగా, నిక్షేపంగా, నిలువెల్లా జెల్ కారుతూ నిలబడింది. ఆ జెల్‌లో ఇరుక్కున్న పిట్టలు రెక్కలు కొట్టుకుంటున్నాయి.

కాలడానికి ఏమీ మిగలక మంట వాగు ఇసుక దగ్గర తనంతట తనే ఆగింది. యంత్రం వాగును కూడా గీత కిందే లెక్క వేసుకుంది. నాలుగింటికి అదుపు తొంభై తొమ్మిది శాతం. మిగిలిన ఒక్క శాతం రేగులపెంట. అక్కడ ఇంకా పొగ ఉంది గనక వాచర్ చెప్పాలి. వాచర్ చెబితేనే గేట్లు తెరుచుకుంటాయి, అవతల ఆగిన నీళ్ల ట్యాంకర్ లోపలికొస్తుంది.

విభావరి ఫోన్లో గొంతు తగ్గించి చెప్పింది. "తిరుపాలు గారూ, పైనుంచి ఆర్డర్. ఇక మీద అర్థం మారడానికి వీల్లేని ఒక్క మాటే పెట్టమన్నారు. ఆరిపోయింది, అంతే. ఇంకేం చెప్పినా తీసుకోదు. క్షమించమని ఆమెకు చెప్పండి."

ఈదమ్మ తన గుడిసె ఉన్న చోట నిలబడింది. రోలొక్కటే మిగిలింది. తిరుపాలు ఆ ఒక్క మాటా ఏంటో చెప్పి, ఫోన్ ఆమె ముందు పట్టుకున్నాడు.

"సల్లబడింది" అంది ఆమె.

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

"అగ్గి లేదు. పోయింది."

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

"ఈ మాట నేననను సారూ. ఇంటి ముందర నిలబడి అనే మాటేనా ఇది? నాకు కొడుకులున్నారు, మనవలున్నారు."

"వద్దులే అక్కా" అన్నాడు తిరుపాలు. కానీ వాగులో పిల్లలు నీళ్లు నీళ్లని ఏడుస్తున్నారు. పొద్దున్నుంచి ఒక్క చుక్క లేదు వాళ్లకు. ఈదమ్మ కాసేపు అటే చూసింది. తర్వాత ఫోన్ లాక్కుంది.

"ఆరిపోయింది" అంది. "నా ఇల్లు ఆరిపోయింది. చాలునా?"

"ధన్యవాదాలు, ఈదమ్మ గారూ. అదుపు: నూరు శాతం. అభినందనలు."

దూరంగా గేటు తెరుచుకున్న చప్పుడైంది. ఈదమ్మ కొంగుతో పెదాలు గట్టిగా తుడుచుకుని, బూడిదలో తుపుక్కున ఉమ్మి, ఫోన్ అతని చేతిలో పెట్టింది.

"నా నోటితోనే అనిపించినారు గదా సారూ" అంది.