ఇవాయా వంతెన మీద రెండు కత్తులు

పొద్దుగూకాక ఇవాయా వంతెన ఎవరూ దాటరు. దాటక తప్పనివాళ్ళు మొహం నేలకు ఆనించి ప్రాణాలతో బయటపడతారు. మా తాత జిన్‌పాచి అలా బయటపడ్డవాడే. ఆయన చెప్పిందే ఇదంతా.

ఆ ఏడు పైనుంచి ఆజ్ఞ వచ్చింది — రైతు చేతిలో పార ఉండాలి గానీ కత్తి ఉండకూడదని. ఉన్న కత్తులన్నీ తెచ్చి ఇచ్చేస్తే పెద్ద బుద్ధుడి గుడికి మేకులు చేయిస్తారట, మాకు పుణ్యమట. పుణ్యం మాకూ, కత్తులు సమురాయిలకూ!

మా తాత పక్కింటి ఓతోరాకి ఒక్కడే కొడుకు, గొన్‌రోకు. యుద్ధంలో చచ్చిన తండ్రి కత్తులు రెండూ నడుముకు కట్టుకుని ఆ రాత్రే వంతెన వైపు వెళ్ళాడు. మళ్ళీ కనపడలేదు. "పారిపోయాడు" అన్నారు సోదాకొచ్చిన సమురాయిలు. ఎక్కడో బతికే ఉన్నాడని ఓతోరా నమ్మింది.

ఆ తర్వాతే వంతెన మీద ఒరల చప్పుడు మొదలైంది. రెండు ఒరలు... అంటే సమురాయి. సమురాయి ఎదురైతే మాలాంటివాళ్ళం బోర్లా పడాల్సిందే. తలెత్తితే అది భుజాల మీద ఉండదు. అందుకే వాడి మొహం చూసినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు.

ఒకరోజు పక్క ఊళ్ళో గొన్‌రోకు కనపడ్డాడని విని ఓతోరా పరుగెత్తింది. మా తాత తోడెళ్ళాడు. తీరా చూస్తే వట్టిమాట. తిరిగి వంతెన దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది.

"వదినా, గబగబా నడు..."

"ఒరేయ్ జిన్‌పాచీ, నిన్నెత్తుకుపోయి ఏం చేసుకుంటుందిరా దెయ్యం? దాని కూడు కూడా నువ్వే తినేస్తావు."

అప్పుడే... టక్... టక్...

ఇద్దరూ బోర్లా పడ్డారు.

"తలెత్తకు వదినా..."

అడుగులు దగ్గరికొచ్చాయి... ఆగాయి. మసక వెన్నెల్లో, ఓతోరా కళ్ళ ముందే రెండు పాదాలు. సమురాయి పాదాలు అలా ఉండవు. మడి నీళ్ళలో నాని పాసిపోయిన వేళ్ళు... ఎడమ కాలికి చిటికెన వేలు లేదు. చిన్నప్పుడు కొడవలికి తెగిన వేలు. తనే పసరు కట్టింది.



"గొన్‌రోకూ! నాయనా... బతికే ఉన్నావా?"

"వద్దు వదినా!"

ఆమె తలెత్తింది. బురద కాళ్ళు... నడుముకు తండ్రి కత్తులు... భుజాలు —

అక్కడితో అయిపోయింది వాడి ఒళ్ళు.

పారిపోయాడని చెప్పినవాళ్ళ కత్తుల్ని మాత్రం ఎవరూ మేకులు చేయలేదు.

మేమిప్పటికీ ఆ వంతెన మీద బోర్లా పడతాం. సమురాయి అనుకుని కాదు. మావాడని తెలిసి... పైకి చూడలేక.