నువ్వులు వెయ్యని పోకుండలు

నా మనవరాలు పద్మప్రియకీ, తూకం మెషిన్లు బాగుచేసే సాయిరాంకీ మొదటి మాటే తగువు. రెండువేల తొమ్మిది, శ్రావణమాసం. రాయగడలో మూడు రోజులుగా ముసురు. మా కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా ఆగిపోయింది.

"బోర్డు పోయిందండి. మార్చాల," అన్నాడు సాయిరాం.

"లోపల సూడకుండానే?" అంది, ఇంజనీరింగ్ చదివొచ్చిన మా పిల్ల.

"సిప్పులో దూరి సూడమంటారేటి?"

"దూరొచ్చు."

చిప్పులోకి తొంగిచూసి జబ్బెక్కడుందో చెప్పే సాఫ్ట్‌వేరు ఉందట. ఎవరో పుణ్యాత్ములు రాసి, లోకమంతా వాడుకోమని ఊరికే వదిలేశారట. దాన్ని సబ్బుపెట్టెంత పెట్టెలోకి ఎక్కిస్తే, చేత్తో పట్టుకుని ఏ కొట్టుకైనా వెళ్ళి కాటా బాగుచెయ్యొచ్చట. పెట్టె నేను చేస్తానన్నాడు ఇతను. ప్రోగ్రాం నేను ఎక్కిస్తానంది ఇది.

మా అబ్బాయి సోమేశ్వరరావు మధ్యలో కూతురికి మెలిక పెట్టాడు. "ఆదివారంలోగా కాటా లేచిందా, పక్క గదిలో రిపేరు షాపు పెట్టుకో. లేదా, విజయనగరం సంబంధానికి ఊ అనాల."

సాయిరాం మునిసిపాలిటీ పంపు ఆపరేటర్ సన్యాసయ్య కొడుకు. పని ముగించుకుని రోజూ సాయంత్రం వచ్చేవాడు. బియ్యప్పిండి, బెల్లంపాకంలో నువ్వులేసి వండిన పోకుండలు పెడితే పళ్ళెం వెనక్కి నెట్టాడు.

"నువ్వులు నాకు పడవు మామ్మగారూ. ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి."

"అంత మనిషికి నువ్వుగింజంటే భయమా?" అంది మా పిల్ల. అన్నది గానీ, ఆ వేళంతా పళ్ళెం వంకే చూసింది.

శనివారం వచ్చేసింది. ప్రోగ్రాం దాని కంప్యూటర్లో గుర్రంలా పరుగెత్తింది. పెట్టెలో పెడితే కదల్లేదు.

"మీ పెట్టే పాడయ్యుంటాది."

"నా పెట్టె బంగారం. మీ ప్రోగ్రాం వంటే బాగులేదేమో," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

పిల్ల కళ్ళలో నీళ్ళు. "ఇంక అవదు మామ్మా. ఇక్కడ తయారుచేస్తే ఇక్కడ బాగానే నడిచింది."

నాకు నా పెళ్ళి గుర్తొచ్చింది. "లక్ష్మీపూర్ కాపురానికెళ్తే మాయమ్మ సారె వండింది అమ్మీ. మా ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. అక్కడ మా అత్త ముట్టలేదు. పోకుండలు గట్టి, ఆవిడికేమో పళ్ళు లేవు. వండీది మనింట్లోనే. తినీవోళ్ళ నోరు సూసుకుని వండాల."

అది కళ్ళు తుడుచుకోవడం మానేసింది. "మామ్మా, పెట్టెలో చిప్పు వేరే జాతి. నేను నా కంప్యూటర్ నోటికి సరిపోయేలా వండేసేను, అదే, కంపైల్ చేసేసేను."

వెంటనే ఫోను చేసింది. "మీ పెట్టె తప్పు కాదండి. నాదే. ఒకసారి రాగలరా?"

"వస్తాను. ఎదురరుగు మీదే ఉన్నాను. వాన తగ్గలేదు."

గొడుగున్న మనిషికి వాన అడ్డమేటో నేను అడగలేదు.

అదే కంప్యూటర్లో, ఈసారి పెట్టె కోసమని మళ్ళీ తయారుచేసింది. ఆదివారం పొద్దున్న పెట్టెకీ కాటాకీ వైర్లు తగిలించారు. కాటాలో చిప్పు బాగానే ఉంది. దానిలోని లెక్క చెరిగిపోయిందట, అంతే. మళ్ళీ ఎక్కించగానే కాటా మిణుకుమని సున్నా చూపించింది. మా అబ్బాయి బెల్లం దిమ్మ పెట్టి చూశాడు. తూకం సరిపోయింది.

"గది తాళం తీసుకో. మరి విజయనగరం వాళ్ళకేటి సెప్మంటావు?"

పిల్ల వాళ్ళ నాన్న చేతిలో తాళం అందుకుంది. నా వైపు తిరిగింది.

"మామ్మా, సాయంత్రం పోకుండలు వండుతావా?"

"వండుతాను."

"నువ్వులెయ్యకు."

సాయిరాం చేతిలో స్క్రూడ్రైవర్ జారి కాటా మీద పడింది.

మా అబ్బాయి ఆ కుర్రాణ్ణి చూశాడు, కూతుర్ని చూశాడు, స్క్రూడ్రైవర్ బరువు చూశాడు. నెమ్మదిగా అన్నాడు.

"కొంచెం ఎక్కువే వండమ్మా. సన్యాసయ్యని కూడా పిలుస్తాను."