కల్లంలోంచి వచ్చిన చేతులు

"అమ్మా, నువ్వు కాసేపు పడుకో. తోమా సంగతి నేను చూసుకుంటా," అంది ఫెబా.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. సెలవులకి సత్తెనపల్లి దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరికి వాళ్ళు ఆ రోజు పొద్దున్నే వచ్చారు. గుంటూరు నుంచి బస్సులో తోమా ఒక్కచోట కూర్చుంటే ఒట్టు. కిటికీ ఎక్కాడు. కండక్టరు సంచీ లాగాడు. ముందు సీట్లో ఆవిడ జడ పట్టుకుని వదల్లేదు. వాడికి ఏడాదిన్నర. అమ్మకి మాత్రం వాణ్ణి పట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"నిజంగా చూసుకుంటావా?" అంది అమ్మ ఆవులిస్తూ.

"వాడికేం కావాలో నీకంటే నాకే బాగా తెలుసు."

ఫెబా ఐదో తరగతి పూర్తి చేసింది. ఆమెకి తెలియని విషయమంటూ లేదు. ఈ మాట ఎవరన్నారంటే, ఫెబాయే అంది. కానీ తమ్ముడి విషయంలో అది చాలావరకు నిజం. వాడు పెరుగన్నం ఏ గిన్నెలో పెడితే తింటాడో, వీపు మీద ఎక్కడ తడితే నిద్రపోతాడో ఫెబాకే తెలుసు. ఎదురుగా అమ్మ ఉన్నా వాడు "అక్కా, ఎత్తుకో" అని ఫెబా వైపే చేతులు చాపేవాడు. అప్పుడు ఫెబా అందరి మొహాలూ ఒకసారి చూసేది. చూశారా, అన్నట్టు!

అమ్మ నిద్రపోయింది. చాప మీద తోమా కూడా నిద్రపోయాడు. ఊరికే కూర్చోవడం ఫెబాకి చేతకాదు. మెల్లగా లేచి ఇంటి వెనక కల్లంలోకి వెళ్ళింది.

కల్లం నిండా పట్టాల మీద మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. తాతయ్య జక్రయ్య, అమ్మమ్మ, పనికొచ్చిన ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబడిన కాయని తాలుకాయ అంటారు. దాన్ని తీసెయ్యకపోతే మంచి సరుక్కి కూడా పేరు చెడుతుంది.

"ఎందుకు తాతయ్యా అంత హడావుడి?"

"గుంటూరు మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చేస్తారే. ఈలోపే పంపాలి."

"యార్డుకి కూడా సెలవులా!" ఫెబా పకపకా నవ్వింది. "మరి హోంవర్క్ ఇవ్వరా?"

"ఇచ్చారుగా. ఇదే హోంవర్కు. కూర్చుని ఏరు," అన్నాడు తాతయ్య.

అమ్మమ్మ ఒక తువ్వాలు విసిరింది. "ముక్కుకి కట్టుకోవే. ఇదిగో, లేచేటప్పుడు నాకు చెప్పు. కొబ్బరినూనె రాసి చేతులు కడుగుతా. కల్లంలోంచి వెళ్ళి చంటిపిల్లాణ్ణి ముట్టుకోకూడదు."

"తెలుసులే అమ్మమ్మా," అంది ఫెబా.

ఇంకా గుప్పెడు కాయలు కూడా ఏరలేదు, ఇంట్లోంచి తోమా ఏడుపు వినిపించింది. ఫెబా చటుక్కున లేచింది. అమ్మమ్మ అప్పుడే బస్తా తెచ్చేందుకు కొట్టంలోకి వెళ్ళింది. ఆవిడ వచ్చేదాకా ఆగితే అమ్మ నిద్ర లేచిపోతుంది. ఫెబా కుళాయి దగ్గర చేతులు గబగబా కడుక్కుంది. వాసన చూసింది. ఏ వాసనా రాలేదు. కల్లంలో కూర్చున్న ముక్కుకి మిరప వాసన ఎలా తెలుస్తుంది మరి!

తోమా కళ్ళ నిండా నీళ్ళు. ముక్కు కారుతోంది.

"ఓలోలో, అక్క వచ్చేసిందిరా," అంటూ ఫెబా వాడి కళ్ళు తుడిచింది. ముక్కు తుడిచింది. బుగ్గలు నిమిరింది.

తోమా ఒక్క క్షణం నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తర్వాత కెవ్వుమన్నాడు. అలాంటి ఏడుపు ఫెబా ఎప్పుడూ వినలేదు. వాడు కళ్ళు నులుముకుంటూ చాప మీద గిలగిల్లాడాడు. అమ్మ ఉలిక్కిపడి లేచింది. తాతయ్య, అమ్మమ్మ పరుగెత్తుకొచ్చారు.

"చీమ! చీమ కుట్టినట్టుంది!" అంది ఫెబా.

అమ్మమ్మ ఫెబా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"కడుక్కున్నావా?"

"కడుక్కున్నా. నీళ్ళతో."

"మిరప ఘాటు ఉత్త నీళ్ళకి పోతుందటే!"

అమ్మ తోమాని పెరట్లో పడుకోబెట్టుకుని కళ్ళ మీద చల్లటి నీళ్ళు పోస్తూనే ఉంది. అమ్మమ్మ బుగ్గలకి పెరుగు రాసింది. చాలాసేపటికి వాడి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. ఫెబాని ఎవ్వరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఫెబాకి. అమ్మమ్మ ఆమె చేతులకి నూనె పట్టించి, సున్నిపిండితో రుద్ది, సబ్బుతో కడిగింది. ఫెబా గోడవైపు తిరిగి ఏడ్చింది.

మర్నాటికి తోమా కళ్ళు తేటగా ఉన్నాయి. కోడిపిల్లల వెంట పడుతున్నాడు.

"తోమా, రారా," అని ఫెబా చేతులు చాపింది.

తోమా ఆ చేతుల వంక చూశాడు. వెంటనే తన రెండు అరచేతులతో కళ్ళు మూసుకున్నాడు. అలాగే వెనక్కి తిరిగి, గడప తట్టుకుని, లేచి, అమ్మ దగ్గరికి పారిపోయాడు.

అందరూ నవ్వారు. ఫెబాకి నవ్వు రాలేదు.

ఊరుకునే పిల్లయితే కదా! బుధవారం నాన్న గుంటూరు నుంచి కారు మాట్లాడుకుని వచ్చి అందరినీ అమరావతి తీసుకెళ్ళాడు. పెద్ద బుద్ధుడి విగ్రహం దగ్గర ఫెబా పాప్‌కార్న్ కొనిపించుకుంది. అందులో ఒక్కటి కూడా తను తినకుండా తమ్ముడికి పెట్టింది. నాన్న భుజాల మీద కూర్చుని తోమా పొట్లం ఖాళీ చేశాడు. చివరి గింజ నమిలి మింగాక "వద్దు" అని మొహం తిప్పుకున్నాడు.

శుక్రవారం సత్తెనపల్లి బజార్లో, అడుగేస్తే కీచుమనే బూట్లు ఫెబాయే ఏరి కొనిపించింది. తోమా ఆ బూట్లు వేసుకుని అమ్మకి చూపించాడు. తాతయ్యకి చూపించాడు. పాలు పోసేవాడికి చూపించాడు. గేదెకి కూడా చూపించాడు. ఫెబాకి తప్ప.

ఆ సాయంత్రం ఫెబాకి ఓపిక అయిపోయింది. వాడు పక్కనుంచి కీచు కీచుమంటూ పోతుంటే గభాలున పట్టుకుని ఎత్తుకుంది. తోమా విల్లులా వెనక్కి వంగి ఊరంతా వినపడేలా ఏడ్చాడు.

అమ్మ వచ్చి వాణ్ణి తీసుకుంది. "లాక్కుంటే రాడే ఫెబా."

"ఇంక ఎప్పటికీ రాడా?" అంది ఫెబా. "నేనేం కావాలని చేశానా? వాడికి ఎలా చెప్పాలి?"

"మాటల్తో చెప్తే వాడికేం అర్థమవుద్ది? నువ్వు నీ పని చేసుకుంటూ వాడికి కనపడుతూ ఉండు. భయం పోతే వాడే వస్తాడు."

చేతులు ముడుచుకుని ఆగడమంటే ఫెబాకి ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అయినా శనివారమంతా ఆగింది. అరుగు మీద కూర్చుని అగ్గిపెట్టెలతో రైలు చేసుకుంది. తోమాని పిలవలేదు. కాసేపటికి వాడు దూరంగా నిలబడి చూశాడు. ఇంకాసేపటికి ఒక పెట్టె తన్ని పారిపోయాడు. ఫెబా ఏమీ అనకుండా దాన్ని మళ్ళీ రైలుకి తగిలించింది.

ఆదివారం చర్చిలో తోమా అమ్మ ఒళ్ళోంచి జారి ఫెబా పక్కన చాప మీద చతికిలబడ్డాడు. ఫెబా కదల్లేదు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ వాడు ఆమె లంగా అంచు గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు. ఆ రోజు ఫెబా కళ్ళు మూసుకుని ఏం ప్రార్థించిందో మీరే ఊహించుకోండి.

సోమవారం సాయంత్రం తిరుగు ప్రయాణం. అమ్మ సంచులు సర్దుతుండగా ఉన్నట్టుండి గాలి లేచింది. పడమట ఆకాశం నల్లబడింది.

"వానొస్తాంది! కాయ తడిస్తే బూజు పట్టుద్ది! రండి రండి!" అని తాతయ్య కల్లంలోంచి కేకేశాడు.

అప్పటికి పనివాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయారు. అమ్మమ్మ పరుగెత్తింది. వెనకే ఫెబా పరుగెత్తింది. ఎండిన కాయలని చేటలతో, చేతులతో కుప్పచేశారు. పట్టా ఎగిరిపోతుంటే ఫెబా దాని అంచు మీద కూర్చుంది. తాతయ్య చుట్టూ రాళ్ళు పెట్టాడు. ఆఖరి రాయి పెట్టాక టపటపా చినుకులు మొదలయ్యాయి.

"నువ్వు లేకపోతే సగం కాయ తడిసిపోయేదే," అన్నాడు తాతయ్య.

ఫెబా నవ్వుకుంటూ ఇంటివైపు పరుగెత్తింది. అరుగు మీద అమ్మ, తోమా నిలబడి ఉన్నారు. వానలో తడుస్తూ వస్తున్న అక్కని చూసి తోమాకి ఎక్కడలేని సంబరం వచ్చింది. అమ్మ చెయ్యి విదిలించుకున్నాడు. రెండు చేతులూ చాపి "అక్కా! ఎత్తుకో!" అంటూ ఎదురొచ్చాడు.

వారమంతా ఫెబా ఎదురుచూసిన మాట అది. ఆమె చేతులు ముందుకు వచ్చేశాయి కూడా.

అంతలో ఆ చేతులు ఆమె కంటపడ్డాయి. వేళ్ళ నిండా ఎర్రటి పొడి.

ఫెబా గబుక్కున రెండు చేతులూ పైకెత్తేసింది. "వద్దురా! అమ్మా, వాణ్ణి పట్టుకో!" అని అరిచి వెనక్కి గెంతింది.

తోమా ఆగిపోయాడు. వాడి కింది పెదవి వంకర తిరిగింది. మరుక్షణం గుక్కపట్టాడు.

ఇప్పుడు ఎత్తుకోకపోతే మళ్ళీ వస్తాడో రాడో! బస్సుకి టైమవుతోంది. అయినా ఫెబా కుళాయి దగ్గరికే పరుగెత్తింది.

"అమ్మమ్మా, నూనె!"

నూనె పట్టించింది. సున్నిపిండితో వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద రుద్దింది. సబ్బుతో కడిగింది. వేలు పెదవి మీద పెట్టుకుని చూసింది. చుర్రుమంది.

అరుగు మీద తోమా ఏడుస్తూనే ఉన్నాడు. "అక్క వచ్చేస్తోందిరా! ఒక్క నిమిషం!" అని కేకేసి ఫెబా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"చాల్లేవే, పోయి ఉంటుంది," అంది అమ్మమ్మ.

"ఉండు అమ్మమ్మా."

ఈసారి పెదవి మండలేదు. ఫెబా తువ్వాలుతో చేతులు తుడుచుకుని అరుగు మీదికొచ్చింది. తోమా అమ్మ ఒళ్ళో వెక్కుతూ ఆమె వంక చూశాడు. దిగాడు. రెండడుగులు వేసి, మళ్ళీ చేతులు చాపాడు.

ఫెబా వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు తన వేలు తన కనురెప్ప మీద పెట్టుకుని కాసేపు ఆగింది. మంట లేదు.

అప్పుడు తమ్ముడి కళ్ళు తుడిచింది.